గంట నడిచినా ముల్లు ఎందుకు కదలదు? కార్డియోకూ బరువుకూ మధ్య ఉన్న లెక్క

హైదరాబాద్‌లో పొద్దున ఆరింటికి కేబీఆర్ పార్కు గేటు దగ్గరో, ఇందిరా పార్కులోనో, నెక్లెస్ రోడ్డు మీదో కాసేపు నిలబడితే ఒకే సమస్యకు రకరకాల సలహాలు చెవిన పడతాయి. ‘రోజూ గంట నడవమన్నారు డాక్టరు గారు, బరువు అదే దిగుతుందట’ అంటారు ఒకరు. ‘అన్నా, బరువు తగ్గాలంటే కార్డియో వేస్ట్, వెయిట్స్ కొట్టాలి’ అన్న జిమ్ ట్రైనర్ మాటను ఇంకొకరు పట్టుకొస్తారు. 2025లో బరువు తగ్గించే మౌంజారో, వెగోవీ ఇంజెక్షన్లు మన దేశంలో అమ్మకానికి వచ్చాక మూడో మాట కూడా మొదలైంది: ‘సూదితోనే తగ్గిపోతుంటే ఈ పరుగులెందుకు?’ ఈలోగా ఆరు నెలలుగా ఒక్కరోజూ మానకుండా నడుస్తున్న మనిషి తూకం యంత్రం ఎక్కి, కిలోన్నర మించి తగ్గలేదని దిగులుపడుతూ ఉంటారు.

డాక్టరు చెప్పింది అబద్ధం కాదు, ట్రైనర్ చెప్పిందీ పూర్తిగా తప్పు కాదు. ఒకరు గుండె గురించి, షుగర్ గురించి ఆలోచిస్తున్నారు. ఇంకొకరు కండ గురించి ఆలోచిస్తున్నారు. నడిచే మనిషికి కావలసింది మాత్రం కిలోలు. ఈ మూడింటినీ విడదీసి చూడకపోతే, ఎవరి మాట నమ్మాలో తేలక చివరికి నడకే ఆగిపోతుంది. అసలు నష్టం అక్కడే జరుగుతుంది కాబట్టి ఈ లెక్కను నిదానంగా విప్పి చూడటం అవసరం.

## కార్డియో కిందికి ఏమేం వస్తాయి

ఊపిరి వేగం పెరిగి, గుండె గట్టిగా కొట్టుకుంటూ, ఆ స్థితి కొన్ని నిమిషాలైనా ఆగకుండా సాగే ఏ కదలికైనా కార్డియోనే. వడివడిగా నడవడం, జాగింగ్, సైకిలు, ఈత, స్కిప్పింగ్, జుంబా, మెట్లెక్కడం, షటిల్ ఆడటం అన్నీ ఇందులోవే. ఇంట్లో పని చేస్తూ అటూ ఇటూ తిరగడం కదలికే గానీ, ఆయాసం రానంతవరకు ఈ లెక్కలోకి రాదు.

తీవ్రతను కొలవడానికి యంత్రం అక్కర్లేదు. నడుస్తూ పక్కవాళ్ళతో మాట్లాడగలిగి, పాట మాత్రం పాడలేకపోతే అది మధ్యస్థాయి. నాలుగు మాటలకోసారి ఊపిరి తీసుకోవలసి వస్తే తీవ్రస్థాయి. హాయిగా కబుర్లు సాగిపోతుంటే తేలికపాటి నడక. పార్కుల్లో గుంపులుగా సాగే నడకలో చాలా భాగం ఈ మూడో రకమే. ఆ గంటకు స్నేహపరంగా ఎంతో విలువ ఉంది, క్యాలరీల లెక్కలో మాత్రం తక్కువ.

2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు సూచించింది వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థాయి శ్రమ, లేదా 75 నుంచి 150 నిమిషాల తీవ్రస్థాయి శ్రమ. ఇది ఆరోగ్యం కోసం చెప్పిన మోతాదు. బరువు తగ్గించే మోతాదు అని చాలామంది అనుకుంటారు. చెప్పుకోదగ్గంత బరువు దిగాలంటే వారానికి 250 నిమిషాలు దాటాలని అమెరికాలోని స్పోర్ట్స్ మెడిసిన్ కాలేజీ 2009లోనే వేరుగా చెప్పింది. రోజుకు అరగంట నడిచి ‘చెప్పినంతా చేస్తున్నాను కదా’ అనుకునేవాళ్ళ నిరాశకు మొదటి కారణం ఈ తేడాయే.

## ముప్పావు గంట నడకకు ఎంత ఖర్చవుతుంది

70 కిలోల మనిషిని తీసుకుందాం. కదలకుండా కూర్చున్నప్పుడు శరీరం కిలోకు గంటకు సుమారు 1 క్యాలరీ ఖర్చు పెడుతుంది. మనం మామూలుగా క్యాలరీ అనేది శాస్త్ర పుస్తకాల్లో కిలోక్యాలరీ. గంటకు 5.6 కిలోమీటర్ల వేగంతో వడిగా నడిస్తే ఆ ఖర్చు దాదాపు 4.3 రెట్లవుతుంది. అంటే 45 నిమిషాలకు 70 × 4.3 × 0.75, సుమారు 226 క్యాలరీలు. వాచీలోనో ఫోన్లోనో కనబడేది సాధారణంగా ఇలాంటి అంకె.

కానీ ఆ ముప్పావు గంట సోఫాలో కూర్చున్నా 52 క్యాలరీలు ఎలాగూ ఖర్చయ్యేవి. వాటిని తీసేస్తే నడక వల్ల అదనంగా కరిగింది 173 మాత్రమే. వారానికి ఐదు రోజులకు 865. కిలో కొవ్వులో సుమారు 7,700 క్యాలరీలు ఉంటాయి. ఈ లెక్కన కిలో కొవ్వు కరగడానికి తొమ్మిది వారాలు పడుతుంది. అదీ తిండిలో పిసరంత తేడా కూడా రాకపోతే.

అదే మనిషి గంటకు 8 కిలోమీటర్ల వేగంతో అరగంట జాగింగ్ చేస్తే అదనపు ఖర్చు 255 దాకా వస్తుంది. ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్‌ఆర్) పక్కన సోలార్ పలకల కప్పుతో 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల ట్రాక్ మీద గంటకు 16–19 కిలోమీటర్ల వేగంతో గంటసేపు సైకిలు తొక్కితే 400 వరకు అవుతుంది. కిలోమీటరు లెక్కన చూస్తే నడకకు ఈ మనిషి 41 క్యాలరీలు పెడితే, పరుగుకు 64 పెడతాడు. ‘నడిచినా పరిగెత్తినా దూరం ఒకటే అయితే ఖర్చూ ఒకటే’ అన్నది జనంలో బాగా నాటుకుపోయిన మాట గానీ సరికాదు. పరుగులో ప్రతి అడుగుకూ శరీరం గాల్లోకి లేస్తుంది, దానికి అదనపు శక్తి కావాలి. మోకాళ్ళ మీద పడే భారమూ అలాగే పెరుగుతుంది. 95 కిలోల మనిషిని మొదటి రోజే పరుగెత్తమనడం ఎందుకు మంచిది కాదో దీన్నిబట్టే అర్థమవుతుంది.

ఇక వాచీల సంగతి. 2017లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు చేతికి పెట్టుకునే ఏడు పరికరాలను పరీక్షించారు. వాటిలో ఆరు గుండె వేగాన్ని 5 శాతంలోపు తేడాతో చెప్పగలిగాయి. క్యాలరీల దగ్గరికి వచ్చేసరికి అన్నిటికన్నా నయమైన పరికరం కూడా సగటున 27 శాతం తప్పింది, చివరిది 93 శాతం. తర్వాత వచ్చిన మోడళ్ళు మెరుగుపడి ఉండవచ్చు. కానీ మణికట్టు దగ్గర నాడిని బట్టి కండరాల్లో ఎంత ఇంధనం మండిందో ఊహించడం ఎప్పటికీ అంచనాయే. ట్రెడ్‌మిల్ మీద మన బరువు నమోదు చెయ్యకపోతే అది ఏదో ఒక సగటు మనిషి బరువుతో లెక్క కడుతుంది. పక్క కడ్డీలు పట్టుకుని నడిస్తే అసలు ఖర్చు ఇంకా తగ్గుతుంది, తెర మీద అంకె మాత్రం తగ్గదు.

## చెమట పోవడం, కొవ్వు పోవడం

ఏప్రిల్, మే నెలల్లో మన నగరంలో పొద్దున ఏడింటికే చెమటలు కారతాయి. ఆ ఎండలోనూ మందపాటి రెయిన్ కోటు లాంటి సూటు వేసుకుని పరుగెత్తేవాళ్ళు కనబడుతుంటారు. నడుముకు బెల్టు, దాని కింద ప్లాస్టిక్ కవరు చుట్టుకునేవాళ్ళూ ఉంటారు. ఇంటికెళ్ళి తూకం చూసుకుంటే నిజంగానే ముప్పావు కిలో తగ్గి ఉంటుంది. రెండు గ్లాసుల నీళ్ళు, ఒక మజ్జిగ తాగేసరికి చాలావరకు తిరిగి వచ్చేస్తుంది. లీటరు చెమటంటే కిలో బరువు, అంతే. అందులో కొవ్వు లేదు.

కొవ్వు ఎటు పోతుందన్న ప్రశ్నకు 2014లో ఆస్ట్రేలియా పరిశోధకులు ఇద్దరు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో లెక్క కట్టి చూపించారు. 10 కిలోల కొవ్వు పూర్తిగా ఆక్సీకరణం చెందితే 8.4 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా మారి ఊపిరితో బయటికి పోతుంది. మిగిలిన 1.6 కిలోలు నీరవుతుంది. అంటే కరిగిన కొవ్వులో ఎక్కువ భాగం ముక్కు, నోటి గుండానే వెళ్ళిపోతుంది. అలాగని కూర్చుని గబగబా ఊపిరి పీలిస్తే కొవ్వు కరగదు. కండరం పనిచేసి ఇంధనాన్ని మండిస్తేనే ఆ వాయువు పుడుతుంది.

చెమట పని శరీరాన్ని చల్లబరచడం. ఆరితేనే అది చల్లబరుస్తుంది. ప్లాస్టిక్ సూటు దాన్ని ఆరనివ్వదు, కాబట్టి లోపలి వేడి పెరిగిపోతుంది. ఈ అలవాటు పనికిరానిదే కాదు, వేసవిలో ప్రమాదకరం కూడా. బీపీకి నీరు పోయే మాత్రలు వాడేవాళ్ళకు మరీ.

## చాయ్ దగ్గర లెక్క తారుమారు

నడక అయ్యాక నలుగురూ కలిసి ఇరానీ కేఫ్‌లో కూర్చోవడం హైదరాబాద్‌లో ఎన్నో ఏళ్ళుగా ఉన్న ఆనందం. చిక్కటి పాలు, రెండు చెంచాల చక్కెర ఉన్న చాయ్ కప్పుకు 80 నుంచి 100 క్యాలరీలు అనుకోవచ్చు. ఉస్మానియా బిస్కెట్ మైదా, వెన్న, చక్కెరల కలయిక. 15 గ్రాముల బిస్కెట్ ఒకటి 70 దాటుతుంది. ఒక చాయ్, రెండు బిస్కెట్లు కలిపితే 230 దగ్గర తేలుతుంది. నడకలో మిగుల్చుకున్నది 173. బండి దగ్గర బటర్ దోసె అయితే పైన వేసే 15 గ్రాముల వెన్న ఒక్కటే 100 దాటుతుంది, దోసె వేరే, పల్లీ చట్నీ వేరే.

ఇందులో మనిషి బలహీనత కన్నా అంకెల స్వభావమే ఎక్కువ. శక్తిని ఖర్చు పెట్టడం నెమ్మది, నింపుకోవడం వేగం. 45 నిమిషాల పనిని ఐదు నిమిషాల్లో వెనక్కి తిప్పగలం. వైపు మార్చి చూసినా ఇదే లెక్క. 150 గ్రాముల అన్నం అంటే దాదాపు 195 క్యాలరీలు. మధ్యాహ్నం కంచంలో ఒక కప్పు అన్నం తగ్గి, ఆ చోటికి కూర, ఆకుకూర వస్తే ఇంచుమించు ఒక నడకతో సమానమైన తేడా వస్తుంది. మొదటి నెలల్లో కిలోలు దిగడానికి తిండి మార్పు ఎందుకు ముందుంటుందో దీన్నిబట్టి తెలుస్తుంది. మన తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాలు కూడా రోజువారీ క్యాలరీల్లో ధాన్యాల వాటా 45 శాతం మించకూడదని, చక్కెర 5 శాతంలోపే ఉండాలని చెబుతున్నాయి. మూడు పూటలా అన్నం, ఇడ్లీ, దోసె చుట్టూ తిరిగే మన భోజనం ఆ 45 శాతాన్ని తేలిగ్గా దాటిపోతుంది.

వ్యాయామం ఆకలిని పెంచుతుందా? కొందరిలో పెంచుతుంది, కొందరిలో పెంచదు. గట్టిగా పరుగెత్తిన వెంటనే చాలామందికి ఆకలి కాసేపు మందగిస్తుంది కూడా. చిక్కల్లా తర్వాతి గంటల్లో వస్తుంది. కొంత ఆకలి వల్ల, కొంత ‘ఈ రోజు నడిచాం కదా’ అన్న ధీమా వల్ల.

2009లో ప్రచురితమైన ఒక అమెరికా ట్రయల్ ఈ చిక్కును బాగా చూపించింది. నెలసరి ఆగిపోయిన, అధిక బరువున్న 464 మంది మహిళలను నాలుగు జట్లు చేసి, మూడు జట్లతో ఆరు నెలలపాటు మూడు మోతాదుల్లో వ్యాయామం చేయించారు. తక్కువ, మధ్య మోతాదుల వాళ్ళు లెక్క ప్రకారం ఎంత తగ్గాలో ఇంచుమించు అంతే తగ్గారు. అందరికన్నా ఎక్కువ చేసిన మూడో జట్టు మాత్రం తగ్గాల్సినదానికన్నా బాగా తక్కువ తగ్గింది. ఎక్కువ శ్రమ, ఎక్కువ సర్దుబాటు. కానీ నడుము చుట్టుకొలత మాత్రం వ్యాయామం చేసిన మూడు జట్లలోనూ తగ్గింది. ఈ చివరి సంగతికి మళ్ళీ వస్తాను.

## శరీరం తనంతట తాను చేసే పొదుపు

తిండి అస్సలు పెరగకపోయినా లెక్క పూర్తిగా కుదరదు. దీని మీద ఇప్పుడు శాస్త్రవేత్తల మధ్య నిజమైన వాదన నడుస్తోంది.

హెర్మన్ పాంట్‌జర్ అనే మానవ పరిణామ శాస్త్రవేత్త బృందం టాంజానియాలోని హాడ్జా అనే వేటగాళ్ళ జాతిని పరిశీలించింది. వాళ్ళు రోజంతా నడుస్తారు, తవ్వుతారు, వేటాడతారు. అయినా శరీర పరిమాణాన్ని లెక్కలోకి తీసుకుంటే వాళ్ళ రోజువారీ మొత్తం ఖర్చు పాశ్చాత్య నగరవాసుల ఖర్చుకు దగ్గరగానే ఉందని 2012లో తేలింది. దీన్నుంచి పాంట్‌జర్ వాదన ఇది: జీతం స్థిరంగా ఉన్న ఇంట్లో స్కూలు ఫీజు పెరిగితే సినిమాలు, కొత్త బట్టలు తగ్గించుకున్నట్టు, వ్యాయామానికి శక్తి పెట్టిన శరీరం మిగతా చోట్ల ఖర్చు తగ్గించుకుంటుంది. మిగతా చోట్లంటే వాపు, ఒత్తిడి స్పందనలు, హార్మోన్లు, విశ్రాంతి వేళల్లోని చిన్న చిన్న కదలికలు.

అవతలి పక్షం దీన్ని పూర్తిగా ఒప్పుకోదు. కదలిక పెరిగితే మొత్తం ఖర్చూ పెరుగుతుంది, సర్దుబాటు ఉన్నా అది పాక్షికమేనని వాళ్ళంటారు. 2021లో 1,754 మంది పెద్దల కొలతలతో వచ్చిన విశ్లేషణ ఈ రెంటి మధ్యలో నిలబడింది: కదలిక వల్ల పెరగాల్సిన ఖర్చులో సగటున 28 శాతం ఇతర పొదుపులతో రద్దవుతోంది, 72 శాతం మిగులుతోంది. కొవ్వు ఎక్కువ ఉన్నవాళ్ళలో ఈ రద్దు ఇంకా ఎక్కువగా కనబడింది. నా మటుకు నాకు పాంట్‌జర్ చెప్పినంత గట్టి పరిమితికి ఆధారం చాలదనిపిస్తుంది, పాక్షిక సర్దుబాటుకు మాత్రం సాక్ష్యం బలంగా ఉంది.

మన 70 కిలోల మనిషి దగ్గరికి వద్దాం. వారానికి 865లో 28 శాతం పోతే 623. నెలకు 2,680 దాకా. కొవ్వు రూపంలో మూడో వంతు కిలో పైచిలుకు, ఆరు నెలలకు రెండు కిలోలు. వాచీ చూపించిన 226ను నమ్మి వేసుకున్న లెక్కలో అదే ఆరు నెలలకు దాదాపు నాలుగు కిలోలు రావాలి. ఆ రెండు కిలోల తేడా మనిషి బద్ధకం వల్ల వచ్చింది కాదు. మొదటి లెక్కలోనే ఉంది తప్పు.

బరువు తగ్గేకొద్దీ శరీరం మోసే భారం తగ్గుతుంది, కాబట్టి అదే నడకకు ఖర్చూ తగ్గుతుంది. 7,700 సూత్రాన్ని ఏళ్ళ తరబడి గీత గీసినట్టు పొడిగించకూడదని అమెరికా శాస్త్రవేత్త కెవిన్ హాల్ 2011లో గణితంతో చూపించింది ఇందుకే.

## మరి ట్రయల్స్‌లో నిజంగా ఎంత తగ్గారు

ఇంతదాకా చదివాక కార్డియో దండగ అనిపించవచ్చు. ట్రయల్స్ అలా చెప్పడం లేదు.

2013లో ప్రచురితమైన మరో అమెరికా ట్రయల్‌లో అధిక బరువున్న యువతీయువకులతో పది నెలలు, వారానికి ఐదు రోజులు వ్యాయామం చేయించారు. తిండి తగ్గించమని చెప్పలేదు. కానీ నిమిషాలు కాకుండా క్యాలరీలు కొలిచి, పక్కన మనిషిని పెట్టి మరీ చేయించారు. పూటకు 400 క్యాలరీలు ఖర్చు పెట్టినవాళ్ళు సగటున 3.9 కిలోలు, 600 ఖర్చు పెట్టినవాళ్ళు 5.2 కిలోలు తగ్గారు. ఏమీ చెయ్యని జట్టు అర కిలో పెరిగింది. ఇక్కడ 400 అంటే మన ముప్పావు గంట నడకకు దాదాపు రెట్టింపన్నది గమనించాలి.

2024 డిసెంబరులో 116 ట్రయల్స్‌ను, 6,880 మందిని కలిపి చూసిన పెద్ద విశ్లేషణ వచ్చింది. వారానికి ప్రతి 30 నిమిషాల కార్డియోకు సగటున 0.52 కిలోల బరువు, నడుము దగ్గర 0.56 సెంటీమీటర్ల తగ్గుదల కనబడింది. వారానికి 300 నిమిషాల దాకా ఈ మేలు పెరుగుతూనే పోయింది. మన ఉదాహరణలోని 225 నిమిషాలకు ఇది సుమారు 3.9 కిలోలు. మనం కట్టిన రెండు కిలోల కన్నా ఎక్కువే. ఆ ట్రయల్స్‌లో ఉన్నది అధిక బరువు, ఊబకాయం ఉన్నవాళ్ళు. చాలాచోట్ల పర్యవేక్షణ ఉంటుంది, నడకతోపాటు అంతకన్నా తీవ్రమైన వ్యాయామాలూ ఉంటాయి. కాబట్టి ఒంటరిగా పార్కులో నడిచే మనిషికి రెండు నుంచి నాలుగు కిలోల మధ్య ఎక్కడో ఆశించడం న్యాయమైన అంచనా. సగటు వెనక ఆరు కిలోలు తగ్గినవాళ్ళూ ఉంటారు, అర కిలో పెరిగినవాళ్ళూ ఉంటారు.

## ఫ్యాట్ బర్నింగ్ జోన్, హిట్: అంకెల్లో పెడితే

ట్రెడ్‌మిల్ మీద ‘ఫ్యాట్ బర్న్’ అని ఒక బటన్ ఉంటుంది. 220లోంచి వయసు తీసేసి, అందులో 60 నుంచి 70 శాతం గుండె వేగం ఉంచితే కొవ్వు బాగా కరుగుతుందని దాని వెనకున్న భావన. నలభై ఏళ్ళ మనిషికి అది 108 నుంచి 126. నెమ్మదిగా కదిలేటప్పుడు ఇంధనంలో కొవ్వు వాటా ఎక్కువన్నది నిజమే. కానీ వాటా వేరు, మొత్తం వేరు. 45 నిమిషాల నడకలో 226 క్యాలరీలు ఖర్చయి అందులో 60 శాతం కొవ్వు నుంచి వచ్చిందనుకుంటే 136. అదే సమయం జాగింగ్‌లో 436 ఖర్చయి 40 శాతమే కొవ్వు నుంచి వచ్చినా 174. పైగా ఆ గంటలో ఏది మండిందన్నది కాదు, రోజంతా ఎంత తిన్నాం, ఎంత ఖర్చు పెట్టామన్నదే చివరికి కొవ్వు నిల్వను తేలుస్తుంది.

హిట్ అంటే కొద్ది సెకన్లు పూర్తి శక్తితో, కాసేపు విశ్రాంతితో మార్చి మార్చి చేసే వ్యాయామం. దీని తర్వాత గంటల తరబడి కొవ్వు కరుగుతూనే ఉంటుందన్న ప్రచారం అతిశయోక్తి. తర్వాతి ఖర్చు వ్యాయామపు ఖర్చులో చిన్న భాగమే. మామూలు కార్డియోతో పోల్చిన విశ్లేషణల్లో కొవ్వు తగ్గుదల దాదాపు సమానంగా తేలింది. హిట్ మిగిల్చేది సమయం. ఐటీ ఆఫీసు నుంచి ట్రాఫిక్ దాటుకుని రాత్రి తొమ్మిదింటికి ఇల్లు చేరేవాళ్ళకు అదీ చిన్న లాభం కాదు.

## తూకం యంత్రానికి కనబడని కొవ్వు

ఈ చర్చలో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది ఇదే, మన దగ్గర అన్నిటికన్నా తక్కువ మాట్లాడుకునేదీ ఇదే.

2004లో లాన్సెట్ పత్రికలో ఇద్దరు వైద్యుల ఫోటో పక్కపక్కన వచ్చింది. ఒకరు పుణెకు చెందిన యాజ్ఞిక్, ఇంకొకరు లండన్‌కు చెందిన యుడ్‌కిన్. ఇద్దరి బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువును చెప్పే అంకె) అచ్చంగా 22.3. యుడ్‌కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. మనవాళ్ళ శరీరాల తీరును ఇంత సూటిగా చూపిన ఉదాహరణ మరొకటి లేదు. కాళ్ళూ చేతులూ సన్నగా, పొట్ట మాత్రం ముందుకు. అందుకే బీఎంఐ 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అని మనకు కింది హద్దులు పెట్టారు. నడుము పురుషులకు 90, మహిళలకు 80 సెంటీమీటర్లు దాటితే హెచ్చరిక. 2023లో వెలువడిన ఐసీఎంఆర్–ఇండియాబ్ సర్వే ప్రకారం దేశంలో 39.5 శాతం పెద్దలకు పొట్ట ఊబకాయం ఉంది, 10 కోట్లకు పైగా జనానికి మధుమేహం ఉంది.

పొట్టలో చర్మం కింద చేతికి దొరికే కొవ్వు ఒకటి, లోపల కాలేయం, పేగుల చుట్టూ పేరుకునే కొవ్వు ఇంకొకటి. షుగర్‌కూ గుండెజబ్బుకూ దగ్గరి చుట్టం రెండోదే. కార్డియో ఎక్కువగా కరిగించేదీ దాన్నే. బరువు తగ్గకపోయినా వ్యాయామంతో ఈ లోపలి కొవ్వు తగ్గుతుందని ట్రయల్స్‌ను కలిపి చూసిన విశ్లేషణలు చెబుతున్నాయి. ఆ 464 మంది మహిళల్లో అంచనా కన్నా తక్కువ తగ్గిన జట్టుకు కూడా నడుము తగ్గిందని చెప్పుకున్నాం కదా, అది ఈ కోణంలో చూడాల్సిన సంగతి.

వెల్లకిలా పడుకుని భుజాలు పైకి లేపే క్రంచెస్ చేస్తే పొట్ట దగ్గరి కొవ్వే కరుగుతుందన్నది వేరే నమ్మకం. అది నిలబడదు. కండరం పక్కనున్న కొవ్వును వెతుక్కుని వాడుకోదు, రక్తంలో వచ్చినదాన్ని వాడుకుంటుంది.

కాబట్టి ఆరు నెలలు నడిచి కిలోన్నర తగ్గిన మనిషి ప్యాంటు నడుము దగ్గర వదులైందంటే, భోజనం తర్వాత షుగర్ రీడింగ్ దిగిందంటే, రెండంతస్తుల మెట్లు ఆయాసం లేకుండా ఎక్కుతున్నారంటే, ఆ నడక పనిచేసింది. కొలవాల్సిన చోట టేపు పెట్టకుండా తూకం ఒక్కటే చూశాం.

## వెయిట్స్ చేయించేవాళ్ళ వాదనలో ఎంత నిజం

కండ పెరిగితే కూర్చున్నా క్యాలరీలు కరుగుతాయని ట్రైనర్లు చెబుతారు. విశ్రాంతిలో కిలో కండరం రోజుకు ఖర్చు పెట్టేది సుమారు 13 క్యాలరీలు, కిలో కొవ్వు 4.5. కష్టపడి రెండు కిలోల కండ పెంచుకుంటే రోజుకు 26. సుమారు చెంచాన్నర చక్కెర, అంతే. ఈ వాదన బలహీనం.

వాళ్ళ దగ్గర దీనికన్నా గట్టి వాదన ఉంది. తిండి తగ్గించి బరువు దిగేటప్పుడు కొవ్వుతోపాటు కండ కూడా పోతుంది. వారానికి రెండు మూడుసార్లు బరువులెత్తడం, పప్పు, గుడ్డు, చేప, పెరుగు లాంటి ప్రోటీన్ తినడం ఆ నష్టాన్ని తగ్గిస్తాయి. యాభై దాటినవాళ్ళకు, సన్నటి కాళ్ళు, చిన్న పొట్ట ఉండే మన శరీరాలకు ఇది చిన్న విషయం కాదు. డ్యూక్ విశ్వవిద్యాలయం 2012లో ప్రచురించిన ట్రయల్‌లో ఎనిమిది నెలల తర్వాత కొవ్వునూ బరువునూ ఎక్కువ తగ్గించింది కార్డియో, కండను పెంచింది వెయిట్స్. రెండూ కలిపి చేసినవాళ్ళకు రెండు లాభాలూ వచ్చాయి గానీ పట్టిన సమయం కూడా దాదాపు రెట్టింపు. ట్రైనర్ ‘కార్డియో వేస్ట్’ అన్నప్పుడు కండ విషయంలో సరిగ్గానే చెబుతున్నట్టు, కిలోల విషయంలో తప్పు చెబుతున్నట్టు.

## తగ్గిన బరువు నిలబడటం, ఇంజెక్షన్లు

బరువు తగ్గడం కన్నా తగ్గినదాన్ని నిలుపుకోవడం కష్టమని ఒకసారి తగ్గి పెరిగినవాళ్ళందరికీ తెలుసు. ఇక్కడ కార్డియో పాత్ర మారిపోతుంది. తగ్గించే దశలో తిండి వెనక నిలబడ్డ వ్యాయామం, నిలుపుకునే దశలో ముందుకొస్తుంది. అమెరికాలో 1994 నుంచి నడుస్తున్న ఒక రిజిస్ట్రీలో కనీసం 13 కిలోలకు పైగా తగ్గి, ఏడాదికి పైగా అలాగే ఉన్నవాళ్ళు పేర్లు నమోదు చేసుకుంటారు. వాళ్ళలో పదిలో తొమ్మిది మంది రోజుకు సగటున గంట వ్యాయామం చేస్తున్నట్టు చెప్పారు, అందులో నడకే ఎక్కువ. ఇది కారణాన్ని నిరూపించే ట్రయల్ కాదు, స్వయంగా చేరినవాళ్ళ కథనం. అయినా ఇంతమందిలో ఒకే అలవాటు కనబడటం కొట్టిపారేసే విషయం కాదు.

ట్రయల్ సాక్ష్యం డెన్మార్క్ నుంచి వచ్చింది. 195 మంది ఎనిమిది వారాల తక్కువ క్యాలరీల ఆహారంతో సగటున 13.1 కిలోలు తగ్గారు. తర్వాత ఏడాదిపాటు కొందరికి వ్యాయామం, కొందరికి ఆకలిని తగ్గించే లిరాగ్లూటైడ్ ఇంజెక్షన్, కొందరికి రెండూ, కొందరికి మందు లేని ఉత్త సూది ఇచ్చారు. 2021లో ఫలితాలు వచ్చాయి. ఉత్త సూది జట్టుతో పోలిస్తే వ్యాయామం 4.1 కిలోలు, మందు 6.8 కిలోలు, రెండూ కలిసి 9.5 కిలోలు మేలు చేశాయి. అన్నీ ఆపేసిన ఏడాది తర్వాత మళ్ళీ కొలిచినప్పుడు, మందు ఒక్కటే వాడినవాళ్ళకు బరువు ఎక్కువగా తిరిగొచ్చింది. వ్యాయామం చేసిన జట్లలో అంతగా తిరిగి రాలేదు.

ఇప్పుడు మన దగ్గర దొరుకుతున్న సెమాగ్లూటైడ్ (వెగోవీలోని మందు), టిర్జెపటైడ్ (మౌంజారోలోని మందు) ఆ లిరాగ్లూటైడ్ కన్నా బలమైన మందులు. ఆకలిని బాగా అణుస్తాయి, కిలోలను కార్డియో కన్నా ఎన్నో రెట్లు దించుతాయి, ఆపితే చాలామందిలో బరువు తిరిగి పెరుగుతుంది. ఖర్చు వల్లనో, వికారం వల్లనో మధ్యలో మానేసేవాళ్ళు ఉండనే ఉంటారు. సూది తీసుకుంటున్నాం కదా నడకెందుకని అడిగేవాళ్ళకు డెన్మార్క్ ట్రయల్ ఇచ్చే జవాబు ఆ మానేసిన రోజు తర్వాతి కాలానికి సంబంధించింది. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ మందులు కూడా వాడుతున్నవాళ్ళలో తిండి తగ్గి, నడక పెరిగితే షుగర్ మరీ పడిపోయే ప్రమాదం ఉంది. కాబట్టి ఆ మందుల మోతాదును సరిచేయించుకునే పని, నడక వేగం పెంచడానికి ముందే డాక్టరుతో జరగాల్సింది.